సూపర్ హీరోయిన్ల తజ్కిరా

వండర్ వుమన్ గురించి బ్రిటన్‌కు చెందిన డీకే ప్రచురణ సంస్థ 2003లో ఒక పెద్ద బొమ్మల కితాబు వేసింది. అట్ట మీద ఆమెను పరిచయం చేసిన మాట ‘అమెజాన్ ప్రిన్సెస్’. పద్నాలుగేళ్ల తర్వాత, 2017లో, ఆమె సినిమా వచ్చిన ఏడాదే, అదే సంస్థ అలాంటి కితాబే మళ్లీ వేసింది. ఈసారి అట్ట మీద మాట ‘అమెజాన్ వారియర్’. అంటే 2003లో షహజాదీ, 2017కు సిపాహీ. మరి కథలో ఆమె మారిందా అంటే లేదు. 1941లో పుట్టినప్పటి నుంచీ ఆమె షహజాదీ కూడా, సిపాహీ కూడా. మారింది ఆమె పేరు పక్కన ఏ మాట వేయాలో నిర్ణయించినవాళ్ల నజర్.

ఇలాంటి కితాబులను చాలామంది పిల్లల సరదా అనుకుంటారు. నున్నటి కాగితం, పేజీ నిండా రంగుల బొమ్మ, పక్కన చిన్న గడిలో వివరాలు. అసలు పేరు, ఎత్తు, బరువు, శక్తులు, మొదట ఏ సంచికలో కనిపించింది, ఎవరి కూతురు, ఎవరితో దోస్తీ, ఎవరితో దుష్మనీ. కథ ఉండదు. కానీ అమెరికన్ కామిక్స్‌లో ఆడవాళ్ల తారీఖ్ తెలుసుకోవాలంటే ఈ కితాబులు ఇచ్చినంత గవాహీ కథలు కూడా ఇవ్వవు. కథల సంచిక వచ్చే నెలకల్లా పాతదైపోతుంది. హవాలా కోసం చూసే కితాబు అల్మారాలో ఏళ్ల తరబడి ఉంటుంది. అందులో ఏముందో అదే నిజమని తర్వాతివాళ్లు నమ్ముతారు.

ఉర్దూ మీడియంలో చదువుకున్న మాలాంటివాళ్లకు ఈ రకం కితాబు కొత్తేమీ కాదు. దాన్ని తజ్కిరా అంటాం. షాయర్ల పేర్లు వరుసగా రాసి, ఒక్కొక్కరి గురించి నాలుగు ముక్కలు చెప్పి, మచ్చుకు కొన్ని షేర్లు ఇచ్చే పుస్తకం. మీర్ తఖీ మీర్ 1752లో పూర్తి చేసిన ‘నికాతుష్షుఅరా’ అలాంటిదే. తజ్కిరాలో చేరిన షాయర్ మిగిలాడు. చేరనివాడి దీవాన్ చెదల పాలైతే వాడి నామోనిషాన్ కూడా లేదు. ఆడవాళ్ల కోసం విడిగా ఒక తజ్కిరా రావడానికి ఇంకో నూరేళ్లు దాటింది. మీరట్‌కు చెందిన హకీం ఫసీహుద్దీన్ రంజ్ 1864లో ‘బహారిస్తానె నాజ్’ తెచ్చాడు. పాత షాయరాల్లో కొందరి అసలు పేర్లు ఈనాటికీ మనకు దొరకవు. తఖల్లుస్ ఒక్కటే మిగిలింది.

అందుకే తజ్కిరా రాసేవాణ్ణి ఉత్త గుమాస్తా అనుకోకూడదు. ఎవరు మిగలాలో, ఎన్ని మాటల్లో మిగలాలో ఫైసలా చేసే ఖాజీ అతను. అమెరికన్ సూపర్ హీరోయిన్ల విషయంలో ఆ ఫైసలా ఎన్నిసార్లు, ఎలా మారిందో చూద్దాం.

సూపర్‌మ్యాన్ 1938లో వచ్చాడు. రెండేళ్లు తిరక్కుండానే ఆడవాళ్లూ వచ్చేశారు. 1940 ఫిబ్రవరి సంచికలో ఫాంటోమా వచ్చింది. అడవిని కాపాడే ఈమెకు కోపం వస్తే ముఖం పుర్రెలా మారిపోతుంది. మార్చి సంచికలో ‘వుమన్ ఇన్ రెడ్’ వచ్చింది. ఎర్ర ముసుగు వేసుకుని నేరగాళ్లను పట్టుకునే మహిళా పోలీసు. జూన్‌లో కంటికి కనిపించకుండా తిరిగే స్కార్లెట్ ఓనీల్ దినపత్రికల్లో మొదలైంది. 1941 ఏప్రిల్‌లో మిస్ ఫ్యూరీ. వండర్ వుమన్ వచ్చింది వీళ్లందరి తర్వాత, 1941 చివర్లో. కానీ ఈ రోజు ఎవరినైనా అడగండి, మొదటి సూపర్ హీరోయిన్ వండర్ వుమనే అంటారు. ముందు వచ్చిన నలుగురూ చాలాకాలం ఏ ఫెహరిస్తుకూ ఎక్కలేదు మరి.

వండర్ వుమన్‌ను పుట్టించిన విలియం మౌల్టన్ మార్‌స్టన్ సైకాలజీ ప్రొఫెసర్. 1942లో ఆమె పేరుతో విడిగా పత్రిక మొదలైంది. ఆ పత్రికలోనే ఆడవాళ్ల బొమ్మల తజ్కిరా ఒకటి కూడా మొదలైంది. దాని పేరు ‘వండర్ విమెన్ ఆఫ్ హిస్టరీ’. నడిపింది ఎలిస్ మార్బుల్. 1939లో వింబుల్డన్ గెలిచిన టెన్నిస్ క్రీడాకారిణి. సంచికకు ఒక నిజమైన మహిళ జీవితం, బొమ్మలతో. మొదటి సంచికలో ఫ్లోరెన్స్ నైటింగేల్. ఊహలో పుట్టిన వీరనారి వెనకే, చరిత్రలో నిజంగా బతికిన ఆడవాళ్లను నిలబెట్టారు. పది సెంట్లు పెట్టి కొన్న పిల్లకు రెండూ ఒకే చోట దొరికాయి.

1947లో మార్‌స్టన్ ఇంతెఖాల్ అయ్యాడు. పత్రిక వేరేవాళ్ల చేతుల్లోకి వెళ్లింది. కొన్నేళ్లకు చరిత్రలోని మహిళల పేజీలు తగ్గి, ఆగిపోయాయి. ఆ చోట వివిధ దేశాల పెళ్లి ఆచారాల పేజీలు వచ్చాయి. ఎవరూ నిషేధం పెట్టలేదు, ఎవరూ గొడవ చేయలేదు. ఒక తజ్కిరా పోయి షాదీల ముచ్చట్లు వచ్చాయంతే. యుద్ధంలో ఫ్యాక్టరీలకు వెళ్లిన ఆడవాళ్లను మళ్లీ ఇంటికి పంపిస్తున్న జమానా అది. ఆ కథంతా ఈ ఒక్క మార్పులో కనిపిస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1942లోనే వండర్ వుమన్‌ను ‘జస్టిస్ సొసైటీ’ అనే వీరుల జమాత్‌లో చేర్చారు. చేర్చి ఇచ్చిన ఉద్యోగం సెక్రటరీ. ట్యాంకును ఎత్తి విసిరేయగల మనిషి మీటింగుల మినిట్స్ రాసుకుంటూ కూర్చుంది.

1968లో ఆమె శక్తులన్నీ తీసేశారు. మామూలు మనిషిని చేసి బట్టల దుకాణం పెట్టించారు. 1972 జులైలో గ్లోరియా స్టైనెం, ఆమె సాథీలు నడిపిన ‘మిజ్’ పత్రిక తొలి రెగ్యులర్ సంచిక ముఖచిత్రం మీద వండర్ వుమన్‌ను నిలబెట్టింది, పాత దుస్తుల్లో, పాత శక్తులతో. అదే ఏడాది 1940ల నాటి కథలను ఏరి ఒక సంకలనం కూడా తెచ్చారు. ఈ ఆడవాళ్లు చిన్నప్పుడు ఆ కథలు చదివి పెరిగినవాళ్లు. పత్రికను కొన్నవాళ్ల జ్ఞాపకం, పత్రికను నడిపినవాళ్ల జ్ఞాపకం కన్నా గట్టిదని అప్పుడు రుజువైంది. మరుసటి ఏడాది వండర్ వుమన్ శక్తులు తిరిగి వచ్చాయి.

అసలైన హవాలా కితాబులు ఆ తర్వాతే. మైకేల్ ఫ్లైషర్ అనే ఆయన జానెట్ లింకన్ సాయంతో కామిక్ వీరుల ఎన్‌సైక్లోపీడియాకు పూనుకున్నాడు. డీసీ కంపెనీ దగ్గరున్న పాత సంచికలు ఒక్కొక్కటీ చదివి, ప్రతి పాత్రకు, ప్రతి ఆయుధానికి, ప్రతి ఊరికి నోట్స్ రాసుకున్నాడు. ఎనిమిది సంపుటాలు వేయాలని అనుకుంటే మూడే వచ్చాయి. 1976లో వచ్చిన రెండో సంపుటం మొత్తం వండర్ వుమన్‌దే. బ్యాట్‌మ్యాన్‌కు ఒకటి, సూపర్‌మ్యాన్‌కు ఒకటి, ఆమెకు ఒకటి. బరాబర్. సెక్రటరీ కుర్చీ నుంచి లేచి ఆ ఇద్దరి పక్కన కూర్చున్నది ఆ కితాబులోనే. 1977లో మార్వెల్ తరఫున స్టాన్ లీ ‘ది సూపర్‌హీరో విమెన్’ అని తమ కంపెనీ హీరోయిన్ల కథలు ఒక చోట చేర్చి వేశాడు. విడిగా చూపించుకునేంత మంది ఆడవాళ్లు తమ దగ్గర ఉన్నారని ఒక కంపెనీ ఇచ్చుకున్న ఎలాన్ అది.

1983లో మార్క్ గ్రూన్‌వాల్డ్ అనే ఎడిటర్ మార్వెల్‌లో ‘అఫీషియల్ హ్యాండ్‌బుక్’ మొదలుపెట్టాడు. పదిహేను సంచికలు. అక్షర క్రమంలో అందరూ. ఒక్కో పాత్రకు నిలువెత్తు బొమ్మ, కింద లెక్కలు. ఎవరు ఎన్ని టన్నులు ఎత్తగలరో కూడా తరగతులుగా విడగొట్టి రాశాడు. చనిపోయిన పాత్రలకు చివర్లో విడిగా సంచికలు. వాళ్లలో కొందరు తర్వాత లేచి వచ్చారు, అది వేరే ముచ్చట.

ఈ హ్యాండ్‌బుక్‌లో నాకు నచ్చేది దాని పొడి లెక్క. మగవాడికైనా ఆడదానికైనా అవే గడులు. షీ-హల్క్ ఎత్తు ఆరడుగుల ఏడంగుళాలు, బరువు 650 పౌండ్లు. ఆడమనిషి బరువును సిగ్గు లేకుండా, ఎగతాళి లేకుండా, ఒక హకీకత్‌గా అచ్చేసే పుస్తకాలు ఎన్ని ఉంటాయి? కానీ అవే గడులు కొన్ని సంగతులను బయటపెట్టేస్తాయి. ఫెంటాస్టిక్ ఫోర్‌లోని సూ స్టార్మ్ 1961 నుంచీ ‘ఇన్‌విజిబుల్ గర్ల్’. 1983 నాటికి ఆమెకు పెళ్లయింది, కొడుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా కథల్లో ఉంది. అయినా పేరు గర్ల్. పక్కన భర్త పేరు మిస్టర్ ఫెంటాస్టిక్. 1985లో జాన్ బర్న్ రాసిన కథలో ఆమె తన పేరు ‘ఇన్‌విజిబుల్ వుమన్’ అని మార్చుకుంది. ఆ ఏడాదే మొదలైన కొత్త హ్యాండ్‌బుక్‌లో కొత్త పేరే ఎక్కింది. అక్షర క్రమంలో ఆమె చోటు పెద్దగా జరగలేదు. హైసియత్ మాత్రం జరిగింది.

డీసీ కంపెనీ 1985 నుంచి 1987 దాకా ‘హూజ్ హూ’ పేరుతో ఇరవై ఆరు సంచికల డైరెక్టరీ వేసింది. అదే 1985లో ఒక పెద్ద కథలో సూపర్‌గర్ల్‌ను చంపేశారు. ఆమె 1959 నుంచీ ఉన్న పాత్ర. చంపడంతో ఆగలేదు. ఆ తర్వాత కథల లోకంలో ఆమె ఎప్పుడూ పుట్టనే లేదన్నట్టు తారీఖ్‌ను తిరగరాశారు. ఒక చేత్తో ఫెహరిస్తు, ఇంకో చేత్తో రబ్బరు. తుడిచివేత ఎంత తేలికో అంతకన్నా బాగా చెప్పే మిసాల్ లేదు.

ఆ తేలికదనం మీద కోపంతో పుట్టిన జాబితా ఒకటుంది. 1994లో గ్రీన్ లాంటర్న్ కథలో హీరో ఇంటికొచ్చి ఫ్రిజ్ తలుపు తీస్తే అందులో అతని స్నేహితురాలి శవం ఉంటుంది. హీరోకు కోపం తెప్పించడానికి ఆమెను చంపారు. 1999లో గెయిల్ సిమోన్ అనే హెయిర్ డ్రెసర్, కామిక్స్ షౌకీన్, ఒక ఫెహరిస్తు తయారు చేసింది. చంపబడిన, హింసకు గురైన, శక్తులు పోగొట్టుకున్న ఆడ పాత్రల పేర్లు ఒకదాని కింద ఒకటి. పేరు పక్కన ఎత్తు, బరువు లేవు. ఆమెకు ఏం జరిగిందో మాత్రమే ఉంది. ఒక్కొక్క కథ విడిగా చదివితే ఏదో ఒక విషాదం అనిపిస్తుంది. వరుసగా చదివితే అది ఆదత్ అని తెలుస్తుంది. ‘విమెన్ ఇన్ రిఫ్రిజిరేటర్స్’ అన్న ఆ జాబితా పేరు ఈ రోజు సినిమా విమర్శలో కూడా వాడుక మాట.

ఆ జాబితాలో బార్బరా గోర్డన్ ఉంది. 1967లో వచ్చిన బ్యాట్‌గర్ల్ ఈమే. పగలు గోథమ్ నగర లైబ్రరీలో పని. 1988లో జోకర్ ఆమె మీద కాల్పులు జరిపాడు. కథ నడిచింది ఆమె తండ్రి బాధ చుట్టూ, బ్యాట్‌మ్యాన్ కోపం చుట్టూ. ఆమె నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. ఎడిటర్లకు ఆమెతో పని అయిపోయింది. కానీ కిమ్ యేల్, జాన్ ఆస్ట్రాండర్ దంపతులు ఆమెను వదిలిపెట్టలేదు. 1989లో వాళ్లు ఆమెను చక్రాల కుర్చీలో, కంప్యూటర్ల మధ్య, ‘ఒరాకిల్’ పేరుతో తిరిగి తెచ్చారు. ఏ వీరుడికి ఏ సమాచారం కావాలన్నా ఆమెనే అడగాలి. లైబ్రేరియన్ ఇప్పుడు మొత్తం వీరలోకానికే హవాలా కితాబైంది. 2003లో ఒరాకిల్ కథలు రాసే పని గెయిల్ సిమోన్‌కే వచ్చింది. జాబితా రాసిన చేయే కథ రాసింది.

హవాలా కితాబు తప్పును కూడా అంతే జాగ్రత్తగా దాచిపెడుతుంది. 2002 చివర్లో మార్వెల్ ఎక్స్-మెన్ కథల్లోకి సురయ్యా ఖాదిర్ అనే ఆఫ్ఘన్ అమ్మాయి వచ్చింది. ఇసుక తుఫానులా మారే శక్తి ఆమెది, పేరు డస్ట్. ఒంటి మీద నల్లటి అబాయా, ముఖానికి నిఖాబ్. అది అరబ్బు దేశాల పహనావా. ఆఫ్ఘనిస్తాన్‌లో కనిపించే బురఖా వేరు, కళ్ల దగ్గర జాలీతో నిలువునా కుచ్చిళ్లుగా ఉంటుంది. మొదటి కథలో ఆమె నోట వినిపించిన మాట ‘తురాబ్’. అరబీలో మట్టి అని అర్థం. మన ఉర్దూలోనూ కితాబీ మాటగా ఉంది. కానీ దరీ మాట్లాడే ఇంట్లో పిల్ల మట్టిని ‘ఖాక్’ అంటుంది. ముసల్మాన్ అంటే అరబ్బు, అరబ్బు అంటే నల్ల గుడ్డ అనుకునే చూపు ఇది. ఇలాంటిది కథలో ఉంటే ఒక నెల తప్పు. గైడ్‌లో నిలువెత్తు బొమ్మగా ఎక్కితే అదే ఆమె అసలు రూపం.

పదకొండేళ్లకు కమలా ఖాన్ వచ్చింది. 2013లో తొలిసారి కనిపించి, 2014లో సొంత పత్రికతో ‘మిజ్ మార్వెల్’ అయింది. జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ అమెరికన్ పిల్ల. మార్వెల్‌లో సొంత పత్రిక ఉన్న మొదటి ముస్లిం పాత్ర. సనా అమానత్ ఎడిటర్, జి. విల్లో విల్సన్ రచయిత్రి. ఇద్దరూ ముస్లిం మహిళలే. ఇంట్లో అమ్మీ, అబ్బూ, మస్జిద్‌లో షేక్ సాబ్, అన్నీ లోపలి నుంచి చూసినట్టు ఉంటాయి. తొలి సంకలనానికి 2015లో హ్యూగో అవార్డు వచ్చింది. కమలా స్వయంగా సూపర్ హీరోల పిచ్చి ఉన్న పిల్ల. తనకు ఇష్టమైన కెరల్ డాన్వర్స్ వదిలేసిన పేరును తాను తీసుకుంది. గైడ్లు చదివి పెరిగిన పాఠకురాలే గైడ్‌లోకి ఎక్కిందన్నమాట. సురయ్యాకు, కమలాకు మధ్య తేడా శక్తుల్లో లేదు. కలం ఎవరి చేతిలో ఉందన్న దగ్గర ఉంది.

ఇక్కడికి వచ్చాం కాబట్టి అసలు సవాల్ అడగాలి. పాత్ర ఎత్తు, బరువు, కళ్ల రంగు దాకా రాసిన ఈ కితాబులు, ఆ పాత్రను తయారు చేసిన ఆడవాళ్ల గురించి ఏం రాశాయి? చాలాకాలం ఏమీ రాయలేదు.

ఆ పని తల మీద వేసుకున్నది ట్రీనా రాబిన్స్. ఆమె చిత్రకారిణి. 1970లో ఆడవాళ్లే గీసిన కామిక్ పుస్తకం తెచ్చినవాళ్లలో ముఖ్యురాలు. 1985లో కేథరిన్ యిరోన్వోడ్‌తో కలిసి కామిక్స్‌లో పనిచేసిన మహిళల చరిత్ర రాసింది. 1996లో ‘ది గ్రేట్ విమెన్ సూపర్‌హీరోస్’ తెచ్చింది. ఫాంటోమా నుంచి తన కాలం దాకా హీరోయిన్లను వరుసగా నిలబెట్టిన బొమ్మల తారీఖ్ అది. మిస్ ఫ్యూరీని మరుపులోంచి బయటికి తీసింది కూడా ఆమే. నల్ల చిరుత చర్మం తొడుక్కుని తిరిగే ఆ హీరోయిన్‌ను గీసింది టార్పే మిల్స్. అసలు పేరు జూన్. ఇంత దమ్మున్న కథలు రాసేది ఒక ఆడది అని తెలిస్తే పిల్లలు నిరాశపడతారని పేరులోంచి జూన్‌ను తీసేసింది. మన షాయరాలు తఖల్లుస్ వెనక దాక్కున్నట్టే. ఆమె 1988లో చనిపోయింది. రాబిన్స్ సంపాదకత్వంలో మిస్ ఫ్యూరీ మళ్లీ పెద్ద కితాబుగా వచ్చింది 2011లో. రాబిన్స్ 2024 ఏప్రిల్‌లో వెళ్లిపోయింది.

ఆమె వేసిన బాటలో ఇప్పుడు చాలా కితాబులు వచ్చాయి. 2010లో మార్వెల్ తన హీరోయిన్లకు ప్రత్యేకంగా ఒక హ్యాండ్‌బుక్ వేసింది. మైక్ మాడ్రిడ్ 2013లో 1940ల నాటి మరుపున పడ్డ హీరోయిన్లను ఏరి తెచ్చాడు. హోప్ నికల్సన్ 2017లో దశాబ్దాల వారీగా ఒక తజ్కిరా రాసింది. జిల్ లెపోర్ 2014లో రాసిన చరిత్రతో వండర్ వుమన్ వెనక ఉన్న ఆడవాళ్లు అందరికీ తెలిశారు. మార్‌స్టన్ భార్య ఎలిజబెత్ ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో ఎడిటర్‌గా పనిచేసింది. అదే ఇంట్లో ఉన్న ఆలివ్ బర్న్ చేతి కంకణాలే వండర్ వుమన్ కంకణాలయ్యాయి.

ఇంకొక పేరు జాయ్ హమ్మెల్. న్యూయార్క్‌లో సెక్రటరీ కోర్సు చదువుతుండగా మార్‌స్టన్ ఆమెకు సైకాలజీ పాఠం చెప్పాడు. ఆమె పరీక్ష జవాబులు చూసి 1944లో పనిలోకి తీసుకున్నాడు. కొన్నాళ్లకు అతను జబ్బు పడ్డాడు. 1947 దాకా ఆమె డెబ్బైకి పైగా వండర్ వుమన్ కథలు రాసింది. అచ్చులో మాత్రం రచయిత పేరు చార్లెస్ మౌల్టన్, అంటే మార్‌స్టన్ కలం పేరు. పాత్రకు సెక్రటరీ కుర్చీ వేసిన కాలమే, ఆ పాత్రను రాసిన మనిషికీ అదే కుర్చీ వేసింది. దశాబ్దాల పాటు ఏ గడిలోనూ ఆమె పేరు లేదు.

పేరు దక్కని రచయితల కోసం అమెరికాలో బిల్ ఫింగర్ అవార్డు అని ఒకటి ఇస్తారు. 2018లో అది జాయ్ హమ్మెల్‌కు ఇచ్చారు. అప్పటికి ఆమెకు తొంభై నాలుగేళ్లు. ఈ అవార్డు ఎంతోమందికి చనిపోయాక అందింది. ఆమె మాత్రం తన పేరు తన చెవులతో విన్నది. మూడేళ్ల తర్వాత, 2021లో, కన్నుమూసింది. తజ్కిరాలో ఒక్క వాక్యం సరిదిద్దడానికి డెబ్బై ఏళ్లు పట్టింది. కానీ దిద్దారు.